బిళ్ళగన్నేరు: ఒక పెరటి పూలమొక్క చరిత్రలో సంరక్షణ పాత్ర

వ్యాససంగ్రహం:
ఔషధ మొక్కల చరిత్రలు సాధారణంగా ప్రయోగశాలలో జరిగిన ఆవిష్కరణ చుట్టూ అల్లుకొని ఉంటాయి. బిళ్ళగన్నేరు చరిత్రను కూడా రక్త క్యాన్సర్ మందుల చరిత్రగానే ఎక్కువమంది రాశారు. ఆ మొక్క ప్రయోగశాలకు చేరకముందు సుమారు రెండు వందల ఏళ్లు ప్రపంచమంతటా పూలమొక్కగా పెరిగింది. ఈ పెంపకమే దాని వ్యాప్తికీ, ఔషధంగా దాని గుర్తింపుకూ, దానిపై హక్కు ఎవరిదన్న వివాదానికీ మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మొక్క ప్రయాణం, తెలుగు పేరు, సంరక్షణ పద్ధతి, ఔషధ పరిశోధన, ప్రయోజనాల పంపిణీ అనే అంశాలను ఈ దృష్టితో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: బిళ్ళగన్నేరు, పెరటి సంరక్షణ, మొక్కల పేర్లు, మడగాస్కర్, వింబ్లాస్టిన్, ప్రయోజనాల పంపిణీ.

1. ఉపోద్ఘాతం:

తెలుగునాట బిళ్ళగన్నేరు తెలియని ఇల్లు అరుదు. బావిగట్టు పక్కన, ప్రహరీగోడ పగుళ్లలో, గుడి ఆవరణలో, బడి వాకిట్లో అది కనిపిస్తూనే ఉంటుంది. మోకాలి ఎత్తుకు కొంచెం అటూ ఇటుగా గుబురుగా పెరిగే బహువార్షిక మొక్క ఇది. అయిదు రెక్కల పూలు గులాబి వన్నెలోనో, తెలుపులోనో, తెలుపు మధ్య ఎర్రని చుక్కతోనో ఏడాది పొడుగునా పూస్తాయి. వాసన లేనందువల్ల జడలోకి ఎక్కలేదు. పూజకు మాత్రం కోసుకుంటారు. మల్లెకూ, బంతికీ ఉన్నట్లు దీనికి అంగడిలో ధర లేదు. విత్తనం కొనకుండానే మొక్క దొరుకుతుంది.

ఇంత సాధారణమైన మొక్క చరిత్రకు ఎందుకు ఎక్కిందని అడిగితే వచ్చే జవాబు ఒక్కటే: దాని ఆకులో క్యాన్సర్ మందు ఉంది. ఈ జవాబు నిజమే. అయితే చరిత్ర రచనగా అది అసంపూర్ణం. ఒక మారుమూల ద్వీపపు మొక్క కెనడాలోని పరిశోధకుల చేతికి ఎలా వచ్చింది? జమైకాలోనూ, ఫిలిప్పీన్స్‌లోనూ, ఇండియాలోనూ అదే మొక్క ఎందుకు ఉంది? ఈ ప్రశ్నలకు జవాబు మొక్కను పెంచినవారి వైపు చూస్తేనే దొరుకుతుంది. మొక్కకు నీళ్లు పోయడం, కొమ్మ గిల్లడం, విత్తనం దాచడం వంటి పనులు చరిత్రలో సంఘటనలుగా నమోదు కావు. వాటిని కూడా చారిత్రక కారణాలుగా లెక్కించాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

2. మడగాస్కర్ నుండి చెల్సీ దాకా:

బిళ్ళగన్నేరు శాస్త్రీయ నామం కాథరాంథస్ రోజియస్. పుట్టిల్లు మడగాస్కర్. ఈ ప్రజాతిలో ఎనిమిది జాతులను గుర్తించారు. వాటిలో ఏడు మడగాస్కర్‌కే పరిమితమైనవి. ఎనిమిదవది కాథరాంథస్ పుసిల్లస్. అది ఇండియా, శ్రీలంకలలో సహజంగా పెరిగే చిన్న ఏకవార్షిక మొక్క. అంటే బిళ్ళగన్నేరుకు మన నేలమీద దూరపు చుట్టం ఉన్నది గాని, బిళ్ళగన్నేరు మాత్రం బయటినుండి వచ్చినదే.

ఈ మొక్క గురించిన తొలి లిఖిత ప్రస్తావనల్లో ఒకటి ఎతియెన్ ద ఫ్లాకూర్ రచనలో ఉంది. ఆయన మడగాస్కర్ దక్షిణ కొసన ఉన్న ఫోర్ట్ డాఫిన్‌లో 1648 నుండి 1655 వరకు ఫ్రెంచి అధికారిగా ఉన్నాడు. 1658లో ప్రచురించిన ద్వీప చరిత్రలో మల్లెను పోలిన పూలు పూసే ఒక మొక్కను పేర్కొన్నాడు. ఆ పూలలో తెల్లనివీ ఊదారంగువీ ఉంటాయనీ, వేరు మిక్కిలి చేదనీ, స్థానికులు దానిని మందుగా వాడతారనీ రాశాడు. ఆ విధంగా మొక్క ఐరోపా రాతలోకి ప్రవేశించినప్పుడే దాని ఔషధ గుణం కూడా నమోదయింది.

తర్వాతి వందేళ్లలో ఆ సమాచారం మరుగునపడింది. మొక్క రెండవసారి ఐరోపా చేరింది పూలమొక్కగా. మడగాస్కర్ నుండి వచ్చిన విత్తనాలను ఫ్రెంచి రాజోద్యానంలో మొలిపించారు. అక్కడి నుండి లండన్‌లోని చెల్సీ ఉద్యానానికి విత్తనాలు అందాయి. ఆ ఉద్యానం ప్రధాన తోటమాలి ఫిలిప్ మిల్లర్ వాటిని వెచ్చని గాజుగదిలో పెంచి, నెలల తరబడి ఆగకుండా పూసే గుణాన్ని మెచ్చుకున్నాడు. 1755-60 మధ్య వెలువరించిన మొక్కల చిత్రసంపుటిలో దీనికీ చోటిచ్చాడు. 1759లో లిన్నేయస్ దీనికి వింకా రోజియా అని పేరు పెట్టాడు.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి ఉంది. చెల్సీ ఉద్యానాన్ని 1673లో స్థాపించినది లండన్ ఔషధ విక్రేతల సంఘం. మందు మొక్కలను గుర్తించడం నేర్పేందుకే ఆ తోట వేశారు. అటువంటి తోటలో, స్వదేశంలో మందుగా వాడిన మొక్క, కేవలం అందం కోసం పెరిగింది. ఫ్లాకూర్ రాసిన మాట పుస్తకంలో ఉండిపోయింది. మొక్కను బతికించినది దాని పూలపై తోటమాలికున్న ఇష్టం. ఉద్యానాల మధ్య జరిగిన విత్తనాల ఇచ్చిపుచ్చుకోళ్ల వల్లా, ఓడల రాకపోకల వల్లా అది ఉష్ణమండల దేశాలన్నింటికీ చేరింది. చేరినచోటల్లా తోట దాటి గట్టున, ఇసుక తీరాన తనంత తాను మొలిచింది.

3. పేరులో దాగిన ఎరుక:

కొత్తగా వచ్చిన మొక్కకు తెలుగువారు పేరు పెట్టేటప్పుడు తెలిసిన మొక్క పేరుకు ఒక విశేషణం చేర్చడం పరిపాటి. మెక్సికో ప్రాంతం నుండి వచ్చిన చెట్టు సీమచింత అయింది ఈ పద్ధతిలోనే. బిళ్ళగన్నేరు కూడా అటువంటి సమాసమే. గన్నేరు ఈ నేలకు ఎప్పటినుండో పరిచయమున్న పొద. సంస్కృతంలో దానిని కరవీరం అంటారు. బిళ్ళ అంటే గుండ్రని, పలుచని వస్తువు. రెక్కలు సమంగా పరుచుకొని బిళ్ళలా కనిపించే పూవు గనుక ఈ విశేషణం చేరిందని అన్వయించుకోవచ్చు.

గన్నేరు అనే మాట చుట్టూ తెలుగులో ఒక చిన్న వర్గమే ఏర్పడింది. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుండి వచ్చిన రెండు చెట్లు పచ్చగన్నేరు, దేవగన్నేరు అయ్యాయి. గన్నేరు, పచ్చగన్నేరు, దేవగన్నేరు, బిళ్ళగన్నేరు నాలుగూ మూడు ఖండాల మొక్కలు. ఆకారంలో ఒకటి పొద, రెండు చెట్లు, ఒకటి మోకాలెత్తు గుబురు. అయినా ఆధునిక వృక్షశాస్త్రం ఈ నాలుగింటినీ ఒకే కుటుంబంలో, అపోసైనేసిలో, చేర్చింది. మొగ్గలో ఒకదానిపై ఒకటి మెలిపడి ఉండే అయిదు రెక్కలు ఆ కుటుంబపు ముఖ్య లక్షణం. పేరు పెట్టిన సామాన్యులు ఆ పోలికను కంటితోనే పట్టుకున్నారు.

ఈ వర్గీకరణకు వ్యావహారిక ప్రయోజనం కూడా ఉంది. గన్నేరు జాతులను పశువులు ముట్టవు. పచ్చగన్నేరు గింజ ప్రాణాంతకమని పల్లెల్లో అందరికీ తెలుసు. కొత్త మొక్కను గన్నేరుల్లో చేర్చడమంటే అది కంచె లేకుండా పెరుగుతుందనీ, నోట పెట్టకూడదనీ చెప్పడమే. పేరే సంరక్షణ సూచనగా, హెచ్చరికగా పనిచేసింది.

ఇరుగుపొరుగు భాషల్లోని పేర్లు మరో లక్షణాన్ని పట్టుకున్నాయి. హిందీలో సదాబహార్, మరాఠీలో సదాఫులీ, తమిళంలో నిత్యకల్యాణి అన్న పేర్లు ఎడతెగని పూతను చెబుతాయి. తమిళంలోనే సుడుకాట్టు మల్లి, అంటే శ్మశాన మల్లె, అన్న పేరు కూడా ఉంది. మలయాళంలో శవంనారి అంటారు. నీళ్లు పోసే దిక్కులేని చోట కూడా పూసే మొక్క గనుక శ్మశానాలకు అది తగినదయింది. శుభాన్నీ అశుభాన్నీ సూచించే ఈ రెండు రకాల పేర్లకూ ఆధారం ఒకే గుణం: ఆదరణ తక్కువైనా పూత ఆగకపోవడం.

శాస్త్రీయ నామానికి కూడా తనదైన చరిత్ర ఉంది. వింకా అనేది ఐరోపాలో నేలపై పాకే మొక్కల ప్రజాతి. మడగాస్కర్ మొక్క దానికి చెందదని తర్వాతి శాస్త్రజ్ఞులు గుర్తించారు. 1830ల చివర జార్జ్ డాన్ కాథరాంథస్ అన్న ప్రజాతిని ఏర్పరిచాడు. గ్రీకులో ఆ మాటకు స్వచ్ఛమైన పువ్వు అని అర్థం. అయినా పాత పేరు పోలేదు. 1966లో విలియం స్టెర్న్ సరైన పేరు ఏదో నిర్ధారిస్తూ ప్రత్యేకంగా వ్యాసం రాయవలసి వచ్చింది. నేటికీ నర్సరీల్లో దీనిని వింకా అనే అమ్ముతారు. వింబ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అన్న మందుల పేర్లలో కూడా శాస్త్రం విడిచిపెట్టిన ఆ పేరే మిగిలింది.

4. సంరక్షణ విధానం:

బిళ్ళగన్నేరును ఎవరైనా పెంచవచ్చునన్న మాట దాని పుట్టినచోటు నుండి వచ్చింది. మడగాస్కర్‌లో అది ఇసుక నేలల్లో, ఎండ తగిలే చోట పెరుగుతుంది. సంరక్షణ నియమాలన్నీ ఆ పరిస్థితికి వివరణలే.

మొదటిది ఎండ. రోజులో ఎక్కువసేపు ఎండ పడేచోట మొక్క గుబురుగా పెరిగి పూస్తుంది. నీడలో కాడలు సాగి పూత తగ్గుతుంది. రెండవది నీటి పారుదల. ఎర్ర చలక నేలల్లో, ఇసుక పాలు ఉన్న గుల్లనేలల్లో ఇది తేలికగా నిలదొక్కుకుంటుంది. నల్లరేగడిలో వానాకాలపు నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది. కుండీలో పెంచేవారు అడుగున చిల్లు ఉంచి, మట్టిలో ఇసుక కలిపి, పైమట్టి ఆరిన తర్వాతనే నీళ్లు పోయాలి. ఈ మొక్కను ఎండ కంటే అధిక నీరే ఎక్కువగా చంపుతుంది. ఫైటోఫ్తోరా అనే శిలీంధ్రం వంటి సూక్ష్మజీవి తేమలో విజృంభించి కాడలను నల్లగా మాడ్చివేస్తుంది.

మూడవది విత్తనం. జంటగా వచ్చే సన్నని కాయలు పండి పగలకముందే కోసుకోవాలి. నల్లని చిన్న గింజలు మొలకెత్తడానికి చీకటి కావాలి. పైపైన చల్లి వదిలేయకుండా పలుచగా మట్టి కప్పాలి. సుమారు 25 డిగ్రీల వెచ్చదనంలో ఒకటి రెండు వారాల్లో మొలకలు వస్తాయి. నారు పెరుగుతున్నప్పుడు చివుళ్లు గిల్లితే పక్కకొమ్మలు వేస్తుంది. లేతకొమ్మలను నాటి కూడా మొక్కను పెంచవచ్చు. రెండు మూడేళ్లకు కాడ ముదిరి అడుగు బోసిపోతుంది. అప్పటికి చుట్టూ రాలిన గింజల నుండి కొత్త మొక్కలు సిద్ధంగా ఉంటాయి. ఆకులు పాలిపోయి ఈనెలు మాత్రమే పచ్చగా కనిపిస్తే, క్షారగుణం ఉన్న నేలలో ఇనుము అందడం లేదని గ్రహించాలి. పూలు ఆకుపచ్చగా మారి చిట్టి ఆకుల్లా వస్తే అది ఫైటోప్లాస్మా తెగులు. అటువంటి మొక్కను పీకివేయడమే మార్గం.

ఈ చివరి బలహీనత కూడా పరిశోధనకు ఉపయోగపడింది. ఫైటోప్లాస్మాలను విడిగా పెంచడం అతి కష్టం. అందువల్ల ప్రపంచంలోని అనేక ప్రయోగశాలలు వాటిని బిళ్ళగన్నేరులోనే నిలిపి ఉంచుతున్నాయి. త్వరగా పెరగడం, ఎక్కడైనా బతకడం, తెగులును స్పష్టంగా చూపడం అనే పెరటి లక్షణాలే దానిని ప్రయోగశాల మొక్కగా మార్చాయి.

ఇటీవలి దశాబ్దాల్లో సంరక్షణ స్వభావం మారింది. కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ పార్కర్ మడగాస్కర్ అడవిజాతులతో సంకరం చేసి కొత్త రంగులనూ, పెద్ద పూలనూ సాధించాడు. ఆయన రూపొందించిన రకాలకు 1991లో ఆల్ అమెరికా సెలెక్షన్స్ గుర్తింపు లభించింది. తర్వాత తెగులును తట్టుకునే సంకర రకాలు కూడా వచ్చాయి. తొలితరం సంకర రకాల గింజ దాచి విత్తితే తల్లి లక్షణాలు నిలవవు. ఏటా విత్తనం కొనవలసిందే. చేతినుండి చేతికి వెళ్లిన మొక్క ఈ విధంగా సరుకయింది.

5. ప్రయోగశాల కథ, దాని పూర్వరంగం:

1952లో జమైకాలోని ఒక వైద్యుడి నుండి కెనడాకు ఒక కవరు వచ్చింది. అందులో బిళ్ళగన్నేరు ఆకులున్నాయి. మధుమేహానికి అక్కడివారు ఆ ఆకుల కషాయం తాగుతారన్న సమాచారం కూడా ఉంది. వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ నోబుల్ దానిని పరీక్షించాడు. కషాయం ఎలుకల రక్తంలో చక్కెరను తగ్గించలేదు. ఆకు సారాన్ని సూదిద్వారా ఎక్కించినప్పుడు ఎలుకలు సూక్ష్మజీవుల బారినపడి చనిపోయాయి. కారణం వెదికితే తెల్లరక్తకణాలు బాగా తగ్గినట్టు, ఎముక మజ్జ దెబ్బతిన్నట్టు తేలింది. చార్లెస్ బీర్ దానికి కారణమైన పదార్థాన్ని వేరుచేశాడు. అదే వింబ్లాస్టిన్. 1958లో వారు ప్రచురించిన పరిశోధన పత్రం శీర్షికలోనే యాదృచ్ఛిక పరిశీలనల పాత్ర అన్న మాట ఉంది.

అదే కాలంలో అమెరికాలోని ఎలై లిల్లీ సంస్థలో గోర్డన్ స్వొబోడా, ఇర్వింగ్ జాన్సన్ విడిగా ఈ మొక్కపై పనిచేశారు. ఫిలిప్పీన్స్‌లో మధుమేహానికి దీనిని వాడతారన్న వార్తే స్వొబోడాను దీనివైపు తిప్పింది. వారి కృషి నుండి విన్‌క్రిస్టిన్ వచ్చింది. 1963లో అమెరికా ప్రభుత్వం దానిని మందుగా ఆమోదించింది. పిల్లల్లో వచ్చే తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా చికిత్సలో అది నేటికీ ప్రధానమైన మందు. ఈ రెండూ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధాల జాబితాలో ఉన్నాయి.

దీనిని యాదృచ్ఛికమనడం ఎలుకల పరీక్ష వరకు సరైనదే. అయితే జమైకాలో ఆ ఆకు దొరకడం యాదృచ్ఛికం కాదు. ఫిలిప్పీన్స్‌లో దొరకడమూ కాదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు బృందాలు ఒకే మొక్కను చేరుకున్నాయంటే, అప్పటికే అది అనేక దేశాల పెరళ్లలో స్థిరపడి ఉండాలి. దానితో మందు చేసుకునే అలవాటు అక్కడి ప్రజలకు ఉండాలి. ఆ రెండింటికీ పునాది రెండు శతాబ్దాల పెంపకమే.

మందు తయారీ కూడా పెంపకంపైనే ఆధారపడింది. ఒక గ్రాము వింబ్లాస్టిన్‌కు దాదాపు 500 కిలోల ఎండు ఆకు కావాలన్నది తరచు చెప్పే లెక్క. అంత ఆకు అడవి నుండి కోసుకు రాలేరు. పొలంలో సాగుచేయాలి. లక్నోలోని కేంద్రీయ ఔషధ, సుగంధ మొక్కల సంస్థ నిర్మల్, ధవళ్ అనే తెల్లపూల రకాలను అందుకే రూపొందించింది. వింబ్లాస్టిన్‌కు మూలమైన రెండు అణువులను ఈస్ట్‌లో తయారుచేసే మార్గం 2022లో ప్రచురితమైంది. దానికి కూడా ఆధారం మొక్క జన్యువులను చదివి నేర్చుకున్న జ్ఞానమే.

6. హక్కు ఎవరిది?

1992 జీవవైవిధ్య ఒప్పందం, 2010 నగోయా ఒప్పంద పత్రం ఒక సూత్రాన్ని స్థిరపరిచాయి. జీవవనరునూ, దానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానాన్నీ వాడుకున్నవారు ప్రయోజనాలను మూలస్థానంతో పంచుకోవాలన్నదే అది. మనదేశంలో 2002 జీవవైవిధ్య చట్టానికీ అదే పునాది. ఈ చర్చల్లో బిళ్ళగన్నేరును తరచు ఉదాహరణగా చూపుతారు. మొక్క మడగాస్కర్‌ది, లాభం విదేశీ కంపెనీది అన్నది ఆ వాదన సారాంశం.

ఆ వాదనలో న్యాయం ఉంది. 20వ శతాబ్దిలో మడగాస్కర్ దక్షిణ ప్రాంతపు పేదలు ఎండు ఆకునూ, వేరునూ తక్కువ ధరకు ఎగుమతిదారులకు అమ్మారు. ఫ్లాకూర్ మూడు శతాబ్దాల క్రితం ఆ మొక్కను గురించి రాసింది ఆ ప్రాంతం నుండే. అయితే చరిత్రకారిణి అబీనా డోవ్ ఒసియో-అసారే 2014లో ప్రచురించిన 'బిట్టర్ రూట్స్' గ్రంథం ఒక చిక్కును ముందుకు తెచ్చింది. ఈ మొక్కను గురించిన జ్ఞానం అనేక దేశాల్లో విడివిడిగా, కలగలుపుగా ఏర్పడినందువల్ల ఒక సమూహాన్ని మాత్రమే సొంతదారుగా నిలబెట్టడం కష్టమని ఆమె చూపారు. పరిశోధకులను కదిలించిన మధుమేహ వాడకం జమైకా, ఫిలిప్పీన్స్ ప్రజలది. ఆకు వచ్చినది వారి పరిసరాల నుండి. మొక్క పుట్టుక మడగాస్కర్‌ది.

సంరక్షణ దృష్టితో చూస్తే ఈ చిక్కుకు కారణం స్పష్టమవుతుంది. ఇప్పటి చట్టాలు రెండు రకాల హక్కుదారులను గుర్తిస్తాయి: వనరు ఉన్న దేశం, జ్ఞానం ఉన్న సమూహం. మొక్కను తరతరాలుగా బతికించి, ఇతరులకు ఇచ్చి, వ్యాపింపజేసిన అనామక పెంపకందారులు ఈ రెండింటిలోనూ ఇమడరు. వారిలో ఎక్కువమంది ఇంటి పెరడు చూసుకునే స్త్రీలు. వారికి వాటా పంచడం సాధ్యం కాకపోవచ్చు. మందు మాత్రం అవసరమైన ప్రతి బిడ్డకూ అందే ధరలో ఉండాలన్న వాదనకు ఈ చరిత్ర బలమైన ఆధారం. అందరూ కలిసి కాపాడిన మొక్క ఫలం అందరికీ అందాలి.

7. పెరటి వైద్యానికి ఒక హద్దు:

పెంపకందారుల జ్ఞానాన్ని గౌరవించడమంటే ప్రతి వాడకాన్నీ సమర్థించడం కాదు. చక్కెర వ్యాధికి బిళ్ళగన్నేరు ఆకు నమలడం, పూల కషాయం తాగడం నేటికీ కనిపిస్తాయి. క్యాన్సర్ మందు ఉన్న ఆకు గనుక మంచిదే అన్న భావన కూడా దీనికి తోడయింది. నిజానికి ఆ మందు కణవిభజనను ఆపే విషం. ఆస్పత్రిలో కొలిచిన మోతాదులో, రక్తనాళం ద్వారా మాత్రమే ఇస్తారు. అప్పుడు కూడా వింబ్లాస్టిన్ ఎముక మజ్జనూ, విన్‌క్రిస్టిన్ నరాలనూ దెబ్బతీసే ప్రమాదం ఉంటుంది. ఏ ఆకులో ఎంత ఉందో తెలియకుండా నమిలితే మేలు కంటే కీడే ఎక్కువ. గన్నేరు అని పేరు పెట్టిన పూర్వులు చెప్పిన హెచ్చరికను ఆధునిక ఔషధశాస్త్రం ధ్రువపరిచింది.

8. ముగింపు:

ఈ పరిశీలన నుండి తేలిన అంశాలు ఇవి.

- బిళ్ళగన్నేరు ప్రపంచమంతటా వ్యాపించడానికి దాని పూలే కారణం. ఔషధ గుణం 1658లోనే నమోదైనా, మొక్కను నిలిపినది అలంకార పెంపకం.
- గన్నేరు పేరుతో తెలుగువారు నాలుగు మొక్కలను ఒకే వర్గంగా గుర్తించారు. ఆధునిక వృక్షశాస్త్ర వర్గీకరణ దానితో ఏకీభవిస్తున్నది. ఆ పేరు హెచ్చరికగా కూడా పనిచేసింది.
- 1950లలో జరిగిన ఆవిష్కరణకు పెరళ్లలో మొక్క అందుబాటులో ఉండడం పూర్వరంగం.
- హక్కుల చర్చలో మొక్కను బతికించినవారి పాత్రకు స్థానం కల్పించవలసి ఉన్నది.

తెలుగు పరిశోధకులు ఈ దిశలో చేయదగిన పని ఎంతో ఉంది. పెరటి మొక్కల ప్రాంతీయ నామాలను, విత్తనం దాచే పద్ధతులను, మొక్క ఏ ఇంటినుండి ఏ ఇంటికి వచ్చిందన్న జ్ఞాపకాలను జిల్లాలవారీగా సేకరించాలి. కొనుగోలు విత్తనం వ్యాపిస్తున్న కొద్దీ ఆ జ్ఞానం తగ్గిపోతున్నది. నిఘంటువుల్లో ఒక మొక్క పేరు పక్కన ఒకానొక పూలమొక్క అని రాసి సరిపెట్టుకోకుండా, అది ఎక్కడినుండి వచ్చింది, ఎలా పెరుగుతుంది, జనం దానిని ఏమని హెచ్చరించారు అన్న వివరాలు చేర్చగలిగితే, భాషా పరిశోధన మొక్కల చరిత్రకు ప్రామాణిక ఆధారం కాగలదు.